దిగిన ఫోటో

మా ఇంట్లో గోడకున్న ఫోటోలన్నిట్లో పాతది 1988 కార్తీకంలో కురుమూర్తి జాతరలో దిగింది. పనితనం చూస్తే అన్నిటికంటే అధ్వానమైనదీ అదే. వెనుక పరదా మీద చెరువు, రెండు కొబ్బరిచెట్లు, ఒక మేడ. పరదాను ఒక పక్క బిగించి కట్టలేదు. ఆ సందులోంచి గుడారం గుంజ, ఎవరిదో బండి చక్రం కనిపిస్తాయి. మా అవ్వ కండ్లు మూసుకుంది. నాయిన మెడ బిగబట్టి నిలబడ్డాడు. అమ్మ చంకలో తమ్ముడు కదిలాడు, వాడి మొఖమంతా మసక. నాకు మోకాళ్ల కింద కాళ్లే లేవు, ఫ్రేములో పట్టలేదు.

రెండు కాపీలకు ఇరవై ఐదు రూపాయలు. ఆ ఏడు పల్లికాయ తెంపడానికి పోతే అమ్మకు రోజుకు పది రూపాయలు వచ్చేవి.

"గింత కాగితానికి రెండు దినాల కూలి పోస్తవారా?" అని అవ్వ అడ్డం పడింది. "ఉండనియ్యే అమ్మా, ఒకటి నా ఎంబడి తీస్కపోత" అన్నాడు నాయిన. పంట పనులు అయిపోగానే మేస్త్రీతో బొంబాయి పోయేవాళ్లలో నాయిన ఒకడు. పాలమూరు లేబర్ అంటే మా మహబూబ్‌నగర్ జిల్లా వలస కూలీలని దేశమంతా తెలిసిన రోజులవి.

జాతరకు పోయే ప్రతి ఏడూ నన్ను ఎవరో ఒకరు అడుగుతారు. వందకూ రెండు వందలకూ అక్కడ తీసే ఆ ఫోటోలు కొనడం దండగ కదా, చేతిలో అంతకంటే మంచి ఫోన్ ఉంది కదా అని. ఫోన్ మంచిదే. ఆ జాతర ఫోటో చెడ్డదే. అయినా కొనాలనే అంటాను. ఎప్పుడు కొనాలో, ఎప్పుడు కొనగూడదో కూడా చెప్తాను.

మా గోపాల్‌పేట ఒకప్పుడు సంస్థానం. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత లాగే. ఆ కాలపు దొరల ఫోటోలు పుస్తకాల్లో చూస్తుంటాం. కుర్చీ, తలపాగా, పక్కన కత్తి. ఉత్తరాదిన సర్ధనాలో 1844లో పుట్టిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొంది, 1905లో పోయాడు. ఆయన తీసినవాటిలో వెలుతురు ఎంత చక్కగా పడిందో ఇప్పటికీ నేర్చుకోవచ్చు. కాని గడీ బయట నిలబడ్డవాళ్లకు ఆ కెమెరా అరుదుగానే ఎదురైంది. చేలో పనిచేసే మనిషికి స్టూడియో అంటే జాతర గుడారమే. పేదల తిరుపతి అని పేరున్న కురుమూర్తిలో, వడ్డెమాన్ నుంచి ఊరేగింపుగా వచ్చే ఉద్దాలను, అంటే స్వామి పాదుకలను, తలకు తాకించుకొని, గుట్ట దిగి, బొరుగులు కొనుక్కొని, ఆ పరదా ముందర నిలబడితేనే మా ఇంట్లో ఐదుగురి మొఖాలు ఒక్కచోట కాగితం మీదికి వచ్చాయి.

తెలుగులో తీసేవాడు ఫోటో తీస్తాడు, మనం ఫోటో దిగుతాం. ఏట్లోకి దిగినట్టు, బరిలోకి దిగినట్టు. దిగడమంటే మనిషి ఆ కాసేపటికి తనను తాను ఒప్పజెప్పడం. అమ్మ కొంగు సర్దుకుంటుంది, పిల్లవాడి ముక్కు తుడుస్తుంది, అవ్వ తలగుడ్డ తీసి పక్కన పెడుతుంది. ఎదుటివాడు గడ్డం కొంచెం ఎత్తమంటాడు, పక్కకు జరగమంటాడు. ఊపిరి బిగబడతాం. నేను డబ్బు ఇచ్చేది దీనికి. కాగితం దీనికి రసీదు.

రెండేండ్ల కింద పిల్లలను నగరం పక్కన ఒక వినోదాల పార్కుకు తీసుకుపోయాను. గేటు దాటుతుంటే ఒకతను ఎదురొచ్చి ఫ్లాష్ కొట్టాడు. మమ్మల్ని అడగలేదు, నిలబడమనలేదు. సాయంత్రం బయటికొచ్చే దారిలో గోడ నిండా అట్టల్లో పెట్టిన ఫోటోలు. మాది నాలుగు వందలు. పాప మొఖం సగం ఎవరిదో సంచి వెనుక ఉంది. నేను టికెట్లు లెక్కపెట్టుకుంటూ తలవంచుకొని ఉన్నాను. ఫోన్‌కు పంపుతారా అంటే కుదరదన్నారు. వద్దంటే చించి పారేస్తాం అన్నారు. పాప నా చొక్కా పట్టుకొని లాగింది. నేను కొనలేదు, ఇప్పుడైనా కొనను. ఆ ఫోటో మేము దిగింది కాదు. పిల్ల బొమ్మను పిల్ల ముందే చించుతామని చెప్పి డబ్బు అడగడం బెదిరింపు. ఫోటో ఎంత అందంగా వచ్చినా నా మాట ఇదే.

పోయిన కార్తీకంలో అమ్మను, నా భార్యను, పిల్లలను తీసుకొని వనపర్తి, కొత్తకోట మీదుగా మళ్లీ కురుమూర్తి పోయాను. గుట్ట కింద ఇరవై రెండేండ్ల పిల్లగాడు మెడలో కెమెరా, భుజాన సంచితో వెంటపడ్డాడు. "అన్నా, వంద రూపాయలకు ఒక్కటి, నిమిషంల చేతిల పెడత." అమ్మకు ఇష్టం లేదు. "పొద్దుగాల్నుంచి ఫోన్ల దిగుతనే ఉన్నం గద బిడ్డా" అంది. అప్పుడు ఫోన్ తీసి చూపించాను. పొద్దుటి నుంచి తీసిన నలభై ఫోటోల్లో నేను ఒక్కదాంట్లోనూ లేను. తీసేది నేనే కాబట్టి. అమ్మ ఒకటికి రెండుసార్లు వేలితో జరిపి చూసి, ఇంకేమీ అనకుండా చెప్పులు సర్దుకొని నిలబడింది.

పిల్లగాడు గుడి కనబడాలని మమ్మల్ని ఎండకు వీపు పెట్టి నిలబెట్టాడు. మిట్టమధ్యాహ్నం. స్క్రీన్ మీద చూస్తే వెనుక ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, మా మొఖాలు నల్లగా ఉన్నాయి. ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. ధర దగ్గర గంటసేపు బేరమాడి, ఫోటో ఎట్లా వచ్చిందో చూడకుండా తీసుకుంటారు. నేను ధర మీద ఒక్క మాట అనలేదు. "గుడి లేకున్నా సరే తమ్మీ, ఆ వేపచెట్టు నీడకు పోదాం, కాళ్లు తెగకుండ తియ్యి" అన్నాను. మొఖం చిట్లించుకోకుండా వచ్చాడు. మూడుసార్లు తీశాడు. అమ్మ కండ్లు తెరిచి ఉన్నదే ఎంచాడు.

సంచిలోంచి టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్ద ప్రింటర్ తీసి అరుగు మీద పెట్టాడు. కాగితం ఒకసారి బయటికి వచ్చి పోయింది. పసుపు పూసినట్టు నీడలు తప్ప ఏమీ లేవు. రెండోసారి ఎరుపు ఎక్కింది, మనుషులు అగుపడ్డారు కాని జ్వరమొచ్చినట్టున్నారు. మూడోసారి నీలం చేరగానే అమ్మ చీర ఆకుపచ్చగా మారింది, మొఖాల్లో ప్రాణం వచ్చింది. నాలుగోసారి రంగు లేని పొర ఒకటి పైన పరుచుకుంది, చెమట చేతులు తాకినా మరక పడకుండా. అమ్మ అరుగు పక్కన గొంతుక్కూర్చొని ఆ నాలుగు సార్లూ రెప్ప వేయలేదు.

అయితే ఫోటో మీద సన్నటి తెల్లగీత ఒకటి పడింది. నేను చూడకముందే పిల్లగాడు చూశాడు. "దుమ్ము పడ్డదన్నా" అని ఆ కార్డు పక్కన పెట్టి, లోపల తుడిచి, ఇంకోటి కొట్టాడు. రిబ్బన్, కాగితం కలిపి కార్డుకు ఇరవై, పాతిక పడుతుందట. కూర్చునే జాగకు కిరాయి వేరే. జాతర ఎత్తిపోయాక పెండ్లిండ్లకు పోతాడట. ఆ వందలో ఇదంతా ఉంది, చెడిపోయిన ఆ కార్డు కూడా ఉంది. ఎక్కువ ధర అన్నవాళ్లు ఒక్క పూట ఆ అరుగు దగ్గర కూర్చుంటే బాగుండును.

1988లో ఆ ఫోటో చేతికి రావడానికి ఇరవై రోజులు పట్టింది. ముప్పై ఆరు ఫోటోల రీలు నిండాలి, ల్యాబుకు పోవాలి, కడిగి రావాలి. అడ్వాన్సు పదిహేను ఇచ్చి చీటీ రాయించుకున్న నాయిన, అది రాకముందే బొంబాయి బండి ఎక్కాల్సి వస్తుందని రోజూ పోస్టుమ్యాన్ దారి చూశాడు. తీసిన బొమ్మ వెంటనే ఎందుకు కనబడదని 1943లో అమెరికాలో మూడేండ్ల పాప వాళ్ల నాయినను అడిగింది. ఆయన ఎడ్విన్ ల్యాండ్. ఆ ప్రశ్న పట్టుకొనే 1947లో, నిమిషంలో బొమ్మ చేతికిచ్చే పోలరాయిడ్‌ను లోకానికి చూపించాడు. మాకు ఆ నిమిషం మా మొదటి ఫోటో తర్వాత ముప్పై ఏండ్లు దాటాక వచ్చింది.

ఆ ఇరవై ఐదు రూపాయల్లో సగం విలువ నాయిన కాపీది. పాలిథిన్ కవర్‌లో పెట్టి చొక్కా జేబులో దాచుకునేవాడు. అక్కడి వానలకూ చెమటకూ ఫోటో మీది జిగురు పొర మెత్తబడి కవర్‌కు అతుక్కుపోయింది. ఒలిస్తే మొఖాలు ఊడి వస్తాయని అట్లాగే పట్టుకొచ్చాడు. ఇంట్లో ఉన్న కాపీ ఎర్రబారింది. ఆ కాలపు రంగు ఫోటోలు చాలావాటిలో నీలిరంగు చీకట్లో పెట్టినా వెలిసిపోతుంది, ఎక్కువగా మిగిలేది ఎరుపే. పైగా ఫ్రేములో అద్దానికి ఆనించి బిగించారు, అవ్వ భుజం దగ్గర అంటుకుంది. ఎవరింట్లోనైనా ఇట్లా ఉంటే పీకకండి. అద్దంతోనే స్కాన్ చేయించండి. నేను అట్లాగే చేయించాను. మా అవ్వవి ఇంకే ఫోటోలూ లేవు. కండ్లు మూసుకున్న ఆ ఒక్కటే ఉంది, అందులో ఆమె నోటి పక్కన విసుగు స్పష్టంగా తెలుస్తుంది, రెండు దినాల కూలి పోయిందని.

నా పాత ఫోన్లు మూడు పోయాయి. వాటితోపాటు పిల్లల మొదటి రెండేండ్లలో చాలా భాగం పోయింది.

అమ్మ కొత్త కార్డును కొంగుతో పట్టుకొని చాలాసేపు చూసి, "ఇంకోటి తియ్యమను, చిన్నోనికి పంపుదాం" అంది. చిన్నోడంటే ఆ పాత ఫోటోలో మసకగా ఉన్న తమ్ముడు. ఇప్పుడు పుణెలో పని. ఇంకో వంద ఇచ్చాను. ఇంటికి వచ్చాక రెండింటి వెనుకా మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా ఒత్తకుండా, అందరి పేర్లూ, ఊరూ, ఏడూ రాశాను. తమ్ముడి కాపీ రెండు అట్టల మధ్య పెట్టి పోస్టు చేశాను. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ ఫోటోకీ మధ్య ఒక అట్ట అంచు పెట్టించమని వేరే చీటీ మీద రాసి అందులోనే పెట్టాను.