పంపుకు ఉన్న లాగ్‌బుక్ కారుకేదీ?

యూఏఈలోని రువైస్ ప్లాంట్లలో ప్రతి పంపుకూ ఒక చరిత్ర ఉంటుంది. బేరింగ్ ఎప్పుడు మార్చారు, వైబ్రేషన్ ఎంత చూపించింది, ఆయిల్ ఏ నెలలో పోశారు అన్నీ రికార్డులో ఉంటాయి. 1980ల మొదట్లో మొదలై, ఇవాళ రోజుకు 8 లక్షల బ్యారెళ్లకు పైగా ముడిచమురు శుద్ధి చేయగల రిఫైనరీ నడుస్తున్నది ఆ క్రమశిక్షణ మీదే. అందులో తెలుగువాళ్ల చేతులూ ఉన్నాయి. డ్యూటీ దిగాక అదే ఫిట్టరన్నను సొంత కారు బోనెట్ ఎత్తి ఎన్నాళ్లయిందని అడిగితే మాత్రం ఆలోచనలో పడతాడు. పనిలో అన్నం పెట్టే విద్యను ఇంటి కారుకు వాడకపోవడంతోనే రిపేరు ఖర్చు మొదలవుతుంది.

పైగా ఊరు దూరం. అబుదాబికి పడమటగా దాదాపు 240 కిలోమీటర్లు. చిన్నాచితకా పనులు దగ్గర్లో అయిపోయినా, పెద్ద పని పడితే చాలామంది చూపు అబుదాబి శివారు ముసఫ్ఫా గ్యారేజీల వైపే. దారిలో ఈ11 హైవే మీద బండి ఆగిపోతే మెకానిక్ బిల్లు కన్నా ముందు రికవరీ బిల్లు చేతికొస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఎండలో, పిల్లలతో రోడ్డు పక్కన నిలబడటం వేరే కష్టం. అందుకే ఇక్కడ పొదుపంటే బేరమాడటం కాదు, బండి ఆగకముందే చూసుకోవడం.

మొదట చూడాల్సింది బ్యాటరీ. చలికి బ్యాటరీ మొరాయిస్తుందని అందరికీ తెలుసు, కానీ దాని ఆయుష్షు తినేది వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే జీవితకాలం దాదాపు సగమవుతుందన్నది లెడ్ యాసిడ్ బ్యాటరీల విషయంలో ఇంజనీర్లు వాడే మోటు లెక్క. మన ఊళ్లో నాలుగేళ్లు నడిచిన బ్యాటరీ గల్ఫ్‌లో రెండేళ్లకే చేతులెత్తేయడం మామూలే. మల్టీమీటర్ పట్టడం వచ్చినవాళ్లకు రువైస్‌లో కొదవ లేదు. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి పడిపోయినట్టు. స్టార్ట్ చేసే క్షణంలో 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ బలం అయిపోవచ్చినట్టే. ఇంజన్ నడుస్తుండగా చాలా కార్లలో 14 దరిదాపుల్లో ఉండాలి. అక్కడికి ఎక్కకపోతే ముందు ఆల్టర్నేటర్‌నో, దాని బెల్టునో అనుమానించాలి. ఈ తేడా తెలియక కొత్త బ్యాటరీ వేయించి, వారానికే మళ్లీ ఆగిపోయేవాళ్లున్నారు.

టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుందేమో కూడా చూడాలి. ఇంజన్ ఆపి, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన నీళ్లలో పాత టూత్‌బ్రష్ ముంచి రుద్దితే బుసబుసమని నురగ వస్తుంది. తుడిచి, ఆరబెట్టి, ముందు పాజిటివ్, చివర్న నెగటివ్ బిగించి, పైన కాస్త వాజలీన్ రాస్తే సరి. బ్యాటరీ పోయిందనుకున్న కారు కొన్నిసార్లు ఈ మాత్రం పనికే లేచి కూర్చుంటుంది.

టైర్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతుగా కనిపించినా, ఎండకు ఎండి రబ్బరు పగులుబారిన టైరు హైవే వేగంలో పేలిపోగలదు. ఎమిరేట్స్ చట్టమూ దీన్ని తేలిగ్గా తీసుకోదు: పనికిరాని టైర్లతో దొరికితే 500 దిర్హమ్‌ల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు, వారం పాటు బండి సీజ్. కొనేటప్పుడు ఆఫర్ ధర కన్నా ముందు తయారీ వారం చూడాలి. టెంపరేచర్ గ్రేడ్ ‘ఏ’ ఉన్నదే తీసుకోవాలి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి. వేడెక్కాక ప్రెజర్ ఎక్కువ చూపిస్తుందని గాలి తీసేస్తే టైరు ఇంకా వేడెక్కుతుంది.

ఇక చెక్ ఇంజన్ లైటు. డబ్బు నిజంగా కారిపోయేది ఇక్కడే. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో చిన్న స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. పీ0171 వచ్చిందనుకుందాం. ఇంజన్‌కు వెళ్లే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గిందని దానర్థం. ఫలానా సెన్సర్ మార్చమని కాదు. గాలిని కొలిచే సెన్సర్ మీద దుమ్ము పట్టి ఉండొచ్చు, ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి ఉండొచ్చు. ఇసుక గాలుల నేలలో మొదట ఎయిర్ ఫిల్టర్, తర్వాత ఆ సెన్సర్‌కని అమ్మే స్ప్రేతో శుభ్రం చేయడం, ఆపై గొట్టాలు. కోడ్ చూసి పార్టు ఆర్డర్ చేసే గ్యారేజీ కన్నా కారణం వెతికే మెకానిక్ కాస్త ఎక్కువ తీసుకున్నా చౌకే. పని మొదలుపెట్టకముందే “భాయ్, పురానా పార్ట్ వాపస్ దేనా” అని ఒక్క మాట చెప్పి ఉంచితే అనవసరంగా మార్చడం చాలావరకు తగ్గుతుంది.

అద్దం, డోరు, హెడ్‌లైట్ లాంటివి షార్జా సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో వెతుక్కోవచ్చు. విజయవాడ ఆటోనగర్ చూసి పెరిగినవాళ్లకు ఆ వీధులు కొత్తగా అనిపించవు. బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్‌బ్యాగ్, టైర్లు మాత్రం అక్కడ కొనకూడదు. కొత్త కారు కాకపోతే ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యువల్‌కు టెస్టింగ్ ఎలాగూ తప్పదు కాబట్టి గడువు చివరి రోజు దాకా ఆగకుండా కాస్త ముందే వెళ్తే, ఫెయిలైన రిపోర్టే చేయాల్సిన పనుల జాబితా అవుతుంది. ఏది ఎక్కడ తక్కువకు దొరుకుతుందో తీరిగ్గా అడిగి చేయించుకోవచ్చు.

జూలై, ఆగస్టుల్లో ఊరెళ్లేవాళ్లు కారును నెలన్నర ఎండలో వదిలేస్తారు. తిరిగొచ్చి తాళం తిప్పితే టిక్కుమనడం తప్ప ఇంకేం ఉండదు. బయల్దేరే ముందు నీడలో పెట్టి, నెగటివ్ టెర్మినల్ విప్పి వెళ్తే చాలు. చాలా కార్లకు 10 నంబర్ పానా సరిపోతుంది. వచ్చాక టెర్మినల్ బిగించి, చల్లగా ఉండగానే కూలెంట్ మట్టం, గాలి చూసుకుని, ఆ తేదీని, ఓడోమీటర్ అంకెను డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ప్లాంటులో రోజూ రాసేదే కదా.