ఛాయాచిత్రంలో మేనిఛాయ: మాదాపూర్ నేపథ్యంలో పోర్ట్రెయిట్ సవరణపై విమర్శ

వ్యాస సంగ్రహం:
పోర్ట్రెయిట్ ఫొటోల ఎడిటింగ్‌లో మేనిఛాయను 'సరిచేయడం' కేవలం సాంకేతిక క్రియ కాదని, అందులో సౌందర్య నిర్ణయం, సామాజిక నిర్ణయం కలగలిసి ఉంటాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దోష సవరణకూ వర్ణ మార్పిడికీ మధ్య గీత ఎక్కడ ఉందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఛాయాచిత్రం, మేనిఛాయ, వర్ణ సవరణ, పోర్ట్రెయిట్, మాదాపూర్.

1. ఉపోద్ఘాతం:
'ఛాయ' అనే సంస్కృత పదానికి నీడ, ప్రతిబింబం, కాంతి, వన్నె అనే అర్థాలున్నాయి. తెలుగులో ఈ పదం ఫొటోకూ ఒంటిరంగుకూ సమానంగా వర్తించింది. 'ఛాయాచిత్రం', 'మేనిఛాయ', 'చామనఛాయ' అన్నవి ఇందుకు నిదర్శనాలు. పురాణకథలో సూర్యుని తేజస్సును భరించలేని సంజ్ఞ తన స్థానంలో ఛాయను నిలిపి వెళ్తుంది. ఆ ఛాయకు 'సవర్ణ' అని మరొక పేరు. సమానమైన వర్ణం కలది అని దానికి అర్థం. ప్రతిరూపానికి ఉండవలసిన లక్షణం మూలంతో వర్ణసామ్యమే అన్న భావన ఈ పేరులో ఇమిడి ఉంది. ఎడిటింగ్ తెరపై ఆ సామ్యం ఎంతవరకు నిలుస్తున్నదన్నది ఇక్కడి ప్రశ్న.

2. ఒకే ముఖం – రెండు ప్రమాణాలు:
1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్ ఐటీ ఉద్యోగాల కూడలిగా మారింది. ఇక్కడి ఉద్యోగి ముఖం గుర్తింపు కార్డుపై, లింక్డ్‌ఇన్ పుటపై, వీసా దరఖాస్తులో, పెళ్లి సంబంధాల ప్రొఫైల్‌లో కనిపిస్తుంది. వీటిలో రెండింటిని పోల్చితే వైరుధ్యం స్పష్టమవుతుంది. అమెరికా వీసా ఫొటో 2 అంగుళాల చతురస్రంలో, తెల్లని లేదా దాదాపు తెల్లని నేపథ్యంతో, గత 6 నెలల్లో తీసినదై ఉండాలి. రూపాన్ని మార్చే డిజిటల్ సవరణ నిషిద్ధం. పెళ్లి ఫొటోకు అటువంటి నిబంధన ఏదీ లేదు. ఒక చోట మనిషిని గుర్తించడానికి ఫొటో కావాలి. మరొక చోట మనిషిని మెచ్చడానికి ఫొటో కావాలి. గుర్తింపుకు పనికిరాని ముఖం మెప్పుకు ఎలా పనికివస్తున్నదన్నది విమర్శకులు పట్టించుకోవలసిన విషయం.

3. దోషం ఎవరిది?
ఎడిటింగే వద్దనడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. కెమెరా స్వతహాగా నిష్పాక్షికమైన సాధనం కాదు. 19వ శతాబ్దపు తొలినాటి ఫొటో పలకలు ప్రధానంగా నీలి కాంతికే స్పందించేవి. ఎరుపు, పసుపు పాళ్లు ఎక్కువగా ఉన్న గోధుమవన్నె చర్మం వాటిపై ఉన్నదానికన్నా ముదురుగా పడేది. నెగెటివ్‌పై పెన్సిల్‌తో సాంద్రత పెంచి ముద్రణలో ముఖాన్ని తేలికపరచడం ఆనాటి స్టూడియోల సాధారణ విద్య. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలం నాటి పోర్ట్రెయిట్‌లను చూసేటప్పుడు ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి.

రంగుల ఫిల్ము వచ్చాక పక్షపాతం మరొక రూపం దాల్చింది. కోడాక్ సంస్థ ల్యాబ్‌లకు పంపిన 'షర్లీ కార్డులు' తెల్లజాతి స్త్రీ చర్మాన్నే చాలాకాలం ప్రమాణంగా నిలిపాయని లోర్నా రోత్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చర్చించారు. ముదురు గోధుమరంగు తేడాలను ఫిల్ము సరిగా పట్టడం లేదని చాక్లెట్, చెక్క సామాను తయారీదారులు చేసిన ఫిర్యాదులు సంస్థను కదిలించాయన్నది ఆమె వెల్లడించిన చేదు నిజం.

డిజిటల్ కాలంలోనూ సమస్య పూర్తిగా తీరలేదు. కెమెరా మీటరు తన ముందున్న దృశ్యాన్ని సగటు బూడిదరంగుగా లెక్కిస్తుంది. తెల్లని నేపథ్యం ముందు చామనఛాయ మనిషి నిలబడితే నేపథ్యపు వెలుగును తగ్గించే క్రమంలో ముఖాన్ని చీకటి చేస్తుంది. ఎరుపును సరిగా చూపలేని ఆఫీసు ఎల్ఈడీ దీపాల కింద చర్మం పాలిపోతుంది. అద్దాల భవనాల నుంచి ప్రతిఫలించే కాంతి మరొక వన్నెను కలుపుతుంది. ఇవి మనిషి దోషాలు కావు, పరికర దోషాలు. వీటిని సవరించకపోవడమే అసత్యం అవుతుంది.

4. సవరణకు హద్దు:
రంగును వర్ణం, గాఢత, వెలుగు అనే మూడు గుణాలుగా విడదీస్తే హద్దు స్పష్టపడుతుంది. వీడియో రంగులను కొలిచే వెక్టర్‌స్కోప్‌లో చర్మానికి ఒకే గీత ఉంటుంది. అది ఎరుపు, పసుపుల నడుమ సాగుతుంది. తెల్లని చర్మమైనా నల్లని చర్మమైనా దాదాపు ఆ గీత దరిదాపుల్లోనే పడుతుంది. రక్తం, మెలనిన్ అందరిలోనూ ఉండటమే ఇందుకు కారణం. మనుషుల మధ్య కొట్టొచ్చినట్లు కనిపించే తేడా వర్ణంలో కన్నా వెలుగులో ఉంది. కాబట్టి ఆకుపచ్చకో నీలానికో జరిగిన చర్మాన్ని ఆ గీత వద్దకు తేవడం సవరణ. లైట్‌రూమ్‌లో నారింజ వర్ణపు వెలుగును మాత్రమే పెంచే మీట జరిపి చామనఛాయను పాలిపించడం మార్పిడి. మొదటిది దీపపు తప్పును తీస్తుంది. రెండవది మనిషినే తప్పుగా లెక్కిస్తుంది.

ఎక్స్‌పోజర్ తగ్గినప్పుడు వెలుగు పెంచడం న్యాయమే. అయితే ఎంత పెంచాలన్నది ఎడిటర్ కంటికి వదిలివేయరాదు. ఫొటో తీసేటప్పుడే బూడిదరంగు కార్డునో, 24 గళ్ల కలర్‌చెకర్‌నో ముఖం పక్కన ఉంచి ఒక ఫ్రేము తీసుకుంటే కొలమానం దొరుకుతుంది. 1976 నాటి ఆ చెకర్‌లో మొదటి రెండు గళ్లు ముదురు చర్మానికి, లేత చర్మానికి కేటాయించినవి. 2022లో గూగుల్ విడుదల చేసిన మాంక్ స్కేల్ 10 ఛాయలను గుర్తించింది.

5. భాషలోని తూకం:
'సరిచేయడం' అనే క్రియాపదమే తీర్పు చెబుతున్నది. తెలుగు వ్యవహారంలో లేతవన్నె మనిషిని 'ఎర్రగా ఉంది' అని మెచ్చుకుంటారు. 'చామన' శ్యామ శబ్దభవమైనా పెళ్లిచూపుల మాటల్లో రాజీపదంగా మారింది. 'నలుపు నారాయణుడు మెచ్చు' అన్న సామెత కూడా ఓదార్పు స్వరంలోనే వినిపిస్తుంది. దేవుడు మెచ్చుతాడని చెప్పవలసి రావడం మనుషులు మెచ్చరన్న ఒప్పుకోలు. 2020లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరు మారింది. షాదీ డాట్ కామ్ ఒంటిరంగును బట్టి వెతికే సదుపాయాన్ని తొలగించింది. అట్టమీది మాట పోయినా ఎడిటర్ చేతిలోని మీట మిగిలింది. కొనేవారే తెల్లగా చేయమంటున్నారన్న స్టూడియోల సమాధానంలో నిజముంది. అయితే అడగకుండానే తెల్లబరచి ఇవ్వడం ఆ కోరికకు లొంగడం కాదు, దాన్ని నేర్పడం. అడిగి చేయించుకున్న మార్పుకూ, అడగని మనిషిపై రుద్దిన మార్పుకూ తేడా ఉంది.

ఇదే మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు వేదికైంది. తెలంగాణ చిత్రకళలో మేనిఛాయ ప్రస్తావన వస్తే తోట వైకుంఠం చిత్రాలు గుర్తుకు రాక తప్పవు. ఆయన గీసిన తెలంగాణ స్త్రీల ముదురు మేనివన్నె పక్కనే ఎర్రని బొట్టు, చీరల నిండు రంగులు ప్రకాశిస్తాయి. అక్కడ ముదురు ఛాయ సవరించవలసిన లోపం కాదు, మిగతా రంగులను నిలబెట్టే ఆధారం. యథార్థాన్ని చూపవలసిన బాధ్యత లేని చిత్రకళ మేనిఛాయను నిలుపుకొన్నది. ఆ బాధ్యత తనదని చెప్పుకొనే ఛాయాచిత్రం దాన్ని వదులుకుంటున్నది.

6. ముగింపు:
• పరికరం, దీపం కలిగించిన రంగుదోషాన్ని తొలగించడం సవరణ. మనిషి సహజ వెలుగును మార్చడం సవరణ కాదు.
• ముదురు చర్మం విషయంలో సవరించకపోవడం కూడా పక్షపాతమే కాగలదు.
• కొలమానం మొదటి ఫ్రేములోనే ఉండాలి; ఎడిటర్ అభిరుచి దానికి ప్రత్యామ్నాయం కాదు.
• ఫొటోలోని వ్యక్తి సమ్మతి లేకుండా మేనిఛాయను మార్చరాదు.
• ఫొటోగ్రఫీ బోధనలో మీటల వాడకంతో పాటు వర్ణానికి సంబంధించిన సామాజిక చరిత్రనూ చేర్చాలి.