బార్టోక్ కట్టిన మెట్లు

ప్రజల కోసం రాసే సంగీతం తేలికగా వుండి తీరాలా? అభ్యుదయ శిబిరంలో ఈ ప్రశ్న పాతదే. "ప్రజలకు అర్థం కానిది ప్రజాకళ కాదు" అని తీర్పు చెప్పి చేతులు దులుపుకునేవారు హంగరీ సంగీతకర్త బేలా బార్టోక్ (1881-1945) జీవితాన్ని పరిశీలించడం మంచిది. ఆయన కచేరీలు చేసిన పియానో విద్వాంసుడు, పాఠాలు చెప్పిన గురువు, కొత్త సంగీతాన్ని సృష్టించిన రచయిత. ఈ ముగ్గురినీ విడదీసి చూసిన వారంతా పొరబడ్డారు.

1904లో ఒక పల్లె పనిపిల్ల పాడుకుంటున్న పాట ఆయన చెవిన పడింది. పట్నాల్లో జిప్సీ మేళాలు వాయించే బాణీలే హంగరీ జాతీయ సంగీతమని పెద్దమనుషులు నమ్ముతున్న రోజులవి. బార్టోక్ తన మిత్రుడు కొడాయ్ వలెనే ఫోనోగ్రాఫు పట్టుకొని పల్లెలు తిరిగాడు. హంగేరియన్ రైతుల పాటలతో ఆగలేదు. రుమేనియన్, స్లోవాక్ రైతుల పాటలూ సేకరించాడు. 1913లో అల్జీరియాకూ, 1936లో టర్కీకీ వెళ్ళాడు. ఇరుగుపొరుగు జాతుల పాటలు ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే ఎదిగాయని చాటాడు. జాతీయవాదులకు ఇది మింగుడుపడలేదు. రుమేనియన్ సంగీతాన్ని గురించి రాసినందుకు 1920లో ఆయనకు దేశభక్తి లేదని నిందించారు.

మాటకు తగిన చేత కూడా ఆయనలో వున్నది. 1919లో హంగరీ సోవియట్ రిపబ్లికు స్వల్పకాలంలో సంగీత నిర్వహణ మండలిలో పనిచేశాడు. 1933 తర్వాత జర్మనీలో కచేరీ చేయలేదు. 1940లో స్వదేశం వదిలి అమెరికా వెళ్ళి, అక్కడే ఇబ్బందుల మధ్య కన్నుమూశాడు. హిట్లరు, ముస్సోలినీల పేర్లు హంగరీ వీధులకు వున్నంతకాలం తన పేరు ఏ వీధికీ పెట్టవద్దని వీలునామా రాశాడు.

ఇక మనవారి సంగతి. 1948లో ప్రజాప్రభుత్వం మరణానంతరం ఆయనకు కొషూత్ బహుమతి ఇచ్చింది. కాని 1950 ప్రాంతంలో ఆ ప్రభుత్వపు రేడియోయే "అద్భుత మాండరిన్" వంటి రచనలను పక్కన పెట్టింది. జానపద బాణీలున్నవి ప్రజలవట, కఠినమైనవి బూర్జువా క్షీణతవట! నాడు జాతీయవాదులు రుమేనియన్ పాటను కోసివేయబోయారు; నేడు మనవారు కఠినమైన స్వరాన్ని కోసివేయబోయారు. కత్తి మారింది గాని కోత మారలేదు.

బార్టోక్‌లో లోపాలు లేవా? వున్నాయి. పట్నపు పాటను ఆయన చిన్నచూపు చూశాడు. పాత పల్లెపాటలోని స్వచ్ఛత కోసం వెతికిన చెవికి పట్నం చేరిన శ్రామికుడి పాట సరిగా వినపడలేదు. ఈ విమర్శ న్యాయమైనది. కఠినత్వాన్ని నేరంగా చూపడం మాత్రం న్యాయం కాదు.

దానికి జవాబు ఆయన గురుత్వంలోనే వున్నది. 1907 నుంచి 1934 దాకా బుడాపెస్టు అకాడమీలో పియానో నేర్పాడు; సంగీత రచన మాత్రం నేర్పనన్నాడు. 1926-39 మధ్య "మైక్రోకాస్మోస్" అనే 153 చిన్న రచనలను ఆరు సంపుటాలుగా కూర్చాడు. మొదటి పాఠంలో రెండు చేతులూ ఒకే వరుసను వాయిస్తాయి, పసివాడికైనా పట్టుబడుతుంది. చివరి ఆరు రచనలు బల్గేరియన్ లయల నాట్యాలు. వాటిలో మొదటిది 4, 2, 3గా విరిగే నడకలో సాగుతుంది. ఆరితేరిన చేతులకే లొంగుతుంది. నడుమ ఎక్కడా గోడ లేదు, మెట్లే వున్నాయి. కొండను నరికి నేలమట్టం చేయకుండానే పసివాణ్ణి కొండెక్కించే ఉపాయమిది.

ప్రజలు ఎక్కలేరని కొండను తిట్టేవాడు ప్రజలను గౌరవిస్తున్నాడా? ఆ లయలు బల్గేరియన్ పల్లెజనం అడుగుల్లో పుట్టినవే గదా! రైతు కాలికి సహజమైనది కచేరీ శ్రోతకు కఠినమైతే, తక్కువ చదువుకున్నది ఎవరు? ప్రజాకళ పేరిట కళను కుదించడం ప్రజలను తక్కువ అంచనా వేయడమే. మన పని మెట్లు కట్టడం. అధ్యాపకులు, విద్యార్థులు మొదట పూనుకోవలసిన పని అది.