ఏడేళ్ళు దూకిన కథ

అసలు నక్కీ 1968 దాకా బతికాడు. ఈనాక్ జాన్సన్ అనే ఆ పెద్దమనిషి న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీని దాదాపు మూడు దశాబ్దాలు గుప్పిట్లో పెట్టుకున్నాడు. 1941లో ఆదాయపు పన్ను ఎగవేత కేసులో పదేళ్ళ శిక్ష పడితే, నాలుగేళ్ళకే బయటికొచ్చాడు. ఎనభై అయిదేళ్ళ వయసులో, ముసలితనంతో, ఒక సంరక్షణ గృహంలో పోయాడు. తుపాకీ లేదు, పగ లేదు. హెచ్‌బీఓలో 2010 నుంచి 2014 దాకా అయిదు సీజన్లు, 56 ఎపిసోడ్లుగా వచ్చిన ‘బోర్డ్‌వాక్ ఎంపైర్’లో ఇతని పోలికతో పుట్టిన నక్కీ థాంప్సన్ మాత్రం 1931లోనే, అదే ఊళ్ళో, సముద్రపు ఒడ్డున కర్రపలకలతో వేసిన ఆ నడకదారి మీదే, ఒక కుర్రాడి చేతిలో చస్తాడు. (చూడనివాళ్ళు మన్నించాలి. ముగింపు దాచిపెట్టి ఈ చివరి సీజన్ గురించి మాట్లాడటం అయ్యే పని కాదు.)

ఈ తేడాకు అవకాశం ఇచ్చింది ఇంటిపేరు. నెల్సన్ జాన్సన్ 2002లో రాసిన అట్లాంటిక్ సిటీ చరిత్ర పుస్తకాన్ని సీరియల్‌గా మలిచిన టెరెన్స్ వింటర్, కథానాయకుడి ఇంటిపేరును జాన్సన్ నుంచి థాంప్సన్‌కు మార్చాడు. అల్ కపోన్, లక్కీ లూచియానో, మేయర్ లాన్‌స్కీ, ఆర్నాల్డ్ రోత్‌స్టీన్ మాత్రం సొంత పేర్లతోనే తిరుగుతారు. అంటే వాళ్ళు ఎప్పుడు చావాలో, ఎప్పుడు జైలుకు పోవాలో చరిత్ర ముందే రాసిపెట్టేసింది. నక్కీ ఒక్కడి నుదుటి రాత రచయిత చేతిలో ఉంది. అయిదేళ్ళ తర్వాత పనికొచ్చిన ఆ చిన్న మార్పు మొదటి రోజే జరిగిపోయింది.

అమెరికన్ గ్యాంగ్‌స్టర్ సినిమా బాగా కుదురుకున్న సంవత్సరం కూడా 1931 కావడం ఒక తమాషా. ‘లిటిల్ సీజర్’, ‘ది పబ్లిక్ ఎనిమీ’ ఆ ఏడాదే థియేటర్లకొచ్చాయి. ‘స్కార్‌ఫేస్’ మరుసటి ఏడు. మొదటి రెండింటినీ అప్పుడు చూసిన జనానికి కపోన్ గతి ఏమవుతుందో ఇంకా తెలియదు. అతని మీద పన్ను కేసులో తీర్పు వచ్చింది ఆ అక్టోబరులోనే. అప్పటికి ఆ కథలు వార్తలు. ఇప్పుడు అవే చరిత్ర. మన పద్యనాటకానికి వెళ్ళినవాడికి కురుక్షేత్రంలో దుర్యోధనుడు గెలుస్తాడేమోనన్న అనుమానం ఉండదు. అయినా తెల్లవారేదాకా కూచుంటాడు, పడకసీను ఈసారి ఈ నటుడు ఎట్లా పండిస్తాడో చూద్దామని. చారిత్రక గ్యాంగ్‌స్టర్ నాటకం తీసేవాడికీ అదే ఇబ్బంది, అదే వరం. ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్న అతని చేతిలో లేదు. ‘ఎందుకు ఇట్లా అయింది’ అన్నదొక్కటే మిగులుతుంది.

ఈ సంప్రదాయంలో మామూలుగా నడిచే పద్ధతి ఒకటుంది. రికార్డులో ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ కల్పిత పాత్రను దూర్చడం. 1931 సెప్టెంబరు 10న న్యూయార్క్ పార్క్ అవెన్యూలోని తన ఆఫీసులో ముఠా నాయకుడు సాల్వటోర్ మరంజానో హత్యకు గురయ్యాడు. చంపినవాళ్ళు పన్ను అధికారుల వేషంలో వచ్చారన్నది చరిత్ర. సీరియల్ ఆ గుంపులో నక్కీ తమ్ముడు ఈలైని కలిపేసింది. కపోన్ కేసుకు ప్రాణం అతని లెక్కల పుస్తకాలు; అతని మనుషుల్లో కలిసిపోయిన మైఖేల్ మలోన్ అనే రహస్య ఏజెంటు నిజంగానే ఉన్నాడు. సీరియల్లో అతని నీడ డి ఏంజెలో అయ్యాడు, పుస్తకాలు ఎత్తుకొచ్చే పని కల్పిత పాత్రల మీద పడింది. కుట్టు కనిపించకుండా చేసిన పనితనమే ఇది. కాకపోతే ఈ పనితనం సీరియల్‌కు మొదటి సీజన్ నుంచీ ఉన్నదే. అయిదో సీజన్‌ను ప్రత్యేకంగా చూడాల్సింది వేరే రెండు నిర్ణయాల కోసం. ఒకటి ముందుకు దూకడం, రెండోది వెనక్కి పోవడం.

మొదటి నాలుగు సీజన్లు 1920 నుంచి 1924 దాకా దాదాపు ఏడాదికొకటిగా నడిచాయి. ఇది ఆఖరిదని హెచ్‌బీఓ ముందే ప్రకటించిన అయిదో సీజన్ తెర తీస్తే 1931. మధ్యలో ఏడేళ్ళు మాయం. ఆ ఏడేళ్ళలో ఏమున్నాయో చూడండి. 1928 నవంబరులో రోత్‌స్టీన్‌ను హోటల్లో కాల్చారు. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీ గోడ దగ్గర ఏడుగురిని నిలబెట్టి చంపారు. అదే ఏడాది మే నెలలో దేశంలోని ముఠా నాయకులు కొందరు అట్లాంటిక్ సిటీలోనే, అంటే సాక్షాత్తూ నక్కీ ఊళ్ళోనే, సమావేశమయ్యారు. అక్టోబరులో వాల్‌స్ట్రీట్ కూలింది. ఇంకెవరైనా అయితే ఒక్కో సంఘటనకు మూడేసి ఎపిసోడ్లు కేటాయించి, ట్రైలర్లో ఆ గ్యారేజీ గోడే చూపించేవారు. వింటర్ బృందం అన్నింటినీ దాటేసింది.

ఇది ఎగ్గొట్టడం కాదని నా నమ్మకం. ప్రేమికుల రోజు హత్యాకాండను సినిమా ఇప్పటికే ఎన్ని వైపుల నుంచి చూడాలో అన్ని వైపుల నుంచీ చూసేసింది. ఇంకోసారి తీస్తే అది తారీఖు చెప్పుకోవడమే అవుతుంది. పైగా మధ్య కాలాన్ని తీసేయడంతో మనుషుల మీద కాలం చేసిన పని ఒక్కసారిగా బయటపడుతుంది. హోటల్లో మేడ మీద నుంచి ఊరిని చూసే నక్కీ ఇప్పుడు హవానాలో, మద్యనిషేధం ఎత్తేస్తారని ముందే పసిగట్టి, బకార్డీ వాళ్ళ దగ్గర పంపిణీ హక్కుల కోసం బేరాలాడుతున్నాడు. దొంగసారా వ్యాపారి లైసెన్సుదారుడు కావాలనుకోవడంలోని ఆత్రం, 1995లో వచ్చి 1997లో పోయిన మద్యనిషేధాన్ని చూసిన తెలుగువాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. నక్కీ పాత భాగస్వామి చాకీ వైట్ ఇప్పుడు గొలుసులతో రోడ్డు పని చేస్తున్న ఖైదీ. లూచియానో పెద్దల గది గుమ్మం దాకా వచ్చాడు. ఇవన్నీ ఎట్లా జరిగాయో ఎవరూ చెప్పరు. చూసేవాడు తన బుర్రతో పూరించుకోవాలి.

నష్టం లేకపోలేదు. మైఖేల్ స్టూల్‌బర్గ్ రోత్‌స్టీన్‌గా నాలుగు సీజన్లు ఎంత నింపాదిగా, ఎంత భయం పుట్టేలా నటించాడో చూసినవాడికి, ఆ మనిషి చావు తెర వెనక జరిగిపోయిందంటే విస్తట్లో ప్రధాన వంటకం వడ్డించకుండా లేపేసినట్టే. నాకిప్పటికీ ఆ వెలితి తీరలేదు.

ఇక రెండో నిర్ణయం. దూకి మిగుల్చుకున్న కాలాన్ని సీజన్ ఎక్కడ ఖర్చు పెట్టిందంటే, గతంలో. 1884లో చిన్నపిల్లవాడు నక్కీ, 1897లో డిప్యూటీ షెరీఫ్ నక్కీ. కమడోర్ అని పిలిపించుకునే ఊరి పెద్ద సముద్రంలోకి నాణేలు విసురుతుంటే, పిల్లలు మునిగి ఏరుకునే దృశ్యంతోనే మొదటి ఎపిసోడ్ తెరుచుకుంటుంది. ఆ ఎపిసోడ్ పేరు ‘గోల్డెన్ డేస్ ఫర్ బాయ్స్ అండ్ గర్ల్స్’. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియా నుంచి వెలువడిన పిల్లల పత్రిక పేరు కూడా అదే. అంతటి చేదు కథకు అంత తియ్యని పేరు పెట్టడం రచయితల కొంటెతనం.

వర్తమానాన్నీ గతాన్నీ పక్కపక్కన నడపడం కొత్తేమీ కాదు. 1974 నాటి ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం ఆ దారి వేసింది. కానీ రెంటికీ పెద్ద తేడా ఉంది. అక్కడ తండ్రి వీటో ఎదుగుదల, కొడుకు మైకేల్ పతనం. వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ తండ్రికి మన మనసులో గౌరవం పెరుగుతుంది. ఇక్కడ ఎదిగేదీ కూలేదీ ఒక్కడే. మొదట్లో ఫ్లాష్‌బ్యాకులు మనల్ని బుట్టలో వేస్తాయి. తాగొచ్చి కొట్టే తండ్రి, పోయే చెల్లెలు, నిజాయితీగా బతకాలనుకునే కుర్రాడు. ‘పాపం’ అనిపిస్తుంది. ఆ జాలిని ఆరేడు ఎపిసోడ్లపాటు పోగు చేసి, చివర్లో ఒక్క దెబ్బకు లాగేసుకుంటుంది కథ.

ఆ దెబ్బ పేరు జిలియన్. పదమూడేళ్ళ అనాథ పిల్లను నక్కీయే కమడోర్‌కు అప్పగించాడన్న సంగతి సీరియల్ తొలి రోజుల నుంచీ ప్రేక్షకుడికి తెలుసు. ఆ అఘాయిత్యం వల్ల పుట్టినవాడే జిమ్మీ. రెండో సీజన్ చివర అదే జిమ్మీని నక్కీ తన చేత్తో కాల్చి చంపాడు. ఇవేవీ రహస్యాలు కావు. అయినా నాలుగు సీజన్లలో అదొక సమాచారంగానే ఉండిపోయింది, ఎప్పుడో ఎవరో చేసిన పాపం అన్నట్టు. చివరి ఎపిసోడ్ ‘ఎల్డొరాడో’ ఆ సమాచారాన్ని దృశ్యం చేసింది. షెరీఫ్ పదవి ఎర. ఎదురుగా నమ్మకంగా చూస్తున్న పిల్ల. బయట ఊరేగింపు, బాజాలు. తాను చూసుకుంటానని మాటిచ్చి ఆ చెయ్యిని ఇంకొకరి చేతిలో పెడతాడు. అరుపులు లేవు, రక్తం లేదు. ఎన్ని తలలు పగిలిన సీరియల్లోనైనా ఇంతకంటే హింస ఉన్న సన్నివేశం నేను చూడలేదు.

నేను ఈ సీజన్‌ను మెచ్చుకునేది ఇందుకే. చరిత్ర విషయంలో ప్రేక్షకుడికి ముగింపు తెలిసి ఉండటమన్న ఇబ్బందిని, రచయితలు తమ కల్పిత కథకు కోరి తెచ్చుకున్నారు. తెలిసిన విషయాన్నే ఆఖరి రహస్యంలా దాచారు. అసలు నక్కీ జాన్సన్ జీవితంలో ఈ కథ లేదు. పేరు మార్చుకోకపోయి ఉంటే చరిత్రలోని మనిషి మీద ఇంత నేరం మోపే హక్కు వాళ్ళకు ఉండేది కాదు.

గతాన్ని నమ్మించడం మరో సాము. నక్కీగా నటించిన స్టీవ్ బుషెమీ ముఖం ఇంకెవరికీ రాదు. యువకుడి పాత్రకు ఇంగ్లండు నటుడు మార్క్ పికరింగ్‌ను తీసుకుని కట్టుడు పళ్ళు పెట్టించారు. పళ్ళకంటే గొంతు ఎక్కువ పనిచేసింది. మాట మధ్యలో ఆగి, పెదవి బిగించి, ఎదుటివాడిని కొలిచి మళ్ళీ మొదలుపెట్టే బుషెమీ అలవాటును అతను పూర్తిగా పట్టుకున్నాడు. మొదటి ఫ్లాష్‌బ్యాక్‌లో నవ్వొస్తుంది. మూడోదానికల్లా పోలిక గురించి మర్చిపోతాం.

బట్టలూ, సెట్టూ గురించి ఈ సీరియల్‌ను ఎప్పుడో అందరూ పొగిడేశారు. బ్రూక్లిన్‌లో దాదాపు మూడు వందల అడుగుల నడకదారి కట్టి, వెనక సముద్రాన్ని కంప్యూటర్‌తో పూరించిన సంగతి తెలిసిందే. నాకు గుర్తుండిపోయింది చిన్న విషయం: చివరి ఎపిసోడ్‌లో నక్కీ ఒక ప్రదర్శన డేరాలోకి వెళ్ళి, కొత్తగా వచ్చిన టెలివిజన్ పెట్టెలో పాడుతున్న అమ్మాయిని చూస్తాడు. 1931కి అది వింత. తన కథ చెప్పబోయే పెట్టెనే అతను చూస్తున్నాడన్న చమత్కారాన్ని ఎవరూ ఎత్తి చూపరు, దాటిపోతారు.

తప్పులూ ఉన్నాయి. నక్కీని కాల్చే కుర్రాడు జిమ్మీ కొడుకు టామీ. మారుపేరుతో నక్కీ దగ్గర పనికి చేరి సీజనంతా తిరుగుతాడు. న్యాయంగా లెక్కేస్తే 1931కి వాడికి పద్నాలుగు పదిహేనేళ్ళు మించకూడదు. తెర మీద కనిపించేది ఇరవై దాటిన యువకుడు. శ్రద్ధగా చూసేవాళ్ళు సగంలోనే పోల్చుకున్నారు కూడా. జిలియన్ మనవడి చేతిలో నక్కీ చావు న్యాయమే, కథ లెక్క సరిపోతుంది. మరీ సరిపోతుంది. లెక్క తప్పని చావు గ్యాంగ్‌స్టర్ లోకంలో కాస్త అనుమానంగా ఉంటుంది.

పన్నెండు ఎపిసోడ్లు ఉండే సీజన్‌ను ఎనిమిదికి కుదించడం వల్ల అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది షికాగో. అక్కడ కపోన్ దగ్గర పనిచేసే వాన్ ఆల్డెన్, ఇటు చాకీ వైట్ ఒకే ఎపిసోడ్‌లో పోతారు. మైఖేల్ షానన్, మైఖేల్ కె. విలియమ్స్ లాంటి నటులకు ఒక్కొక్కరికి ఒక్కో ఎపిసోడ్ ఇవ్వాల్సింది. గతానికి ఇచ్చిన నిమిషాలన్నీ వీళ్ళ దగ్గర కోసినవే. ఆ బేరం సరైందేనని ఒప్పుకుంటూనే, ధర ఎక్కువైందని చెప్పాలి. ఉన్న కాస్త చోటులోనే స్టీఫెన్ గ్రాహమ్ మాత్రం కపోన్‌ను నిలబెట్టాడు. కోర్టుకు పోయేముందు చెవులు వినిపించని కొడుకుతో అతను గడిపే నాలుగు క్షణాలు, అంతకుముందు విరగ్గొట్టిన బల్లలన్నింటికంటే బలంగా ఉంటాయి.

గెలిచినవాడు లూచియానో. చివరికి బల్ల చుట్టూ కూచున్న ముఠా నాయకుల మధ్య అతను మాట్లాడుతుంటే బ్యాంకు డైరెక్టర్ల సమావేశంలా ఉంటుంది. అది కావాలనే అట్లా తీశారు. సీరియల్ అతన్ని అక్కడే వదిలేస్తుంది. 1936లో ప్రాసిక్యూటర్ థామస్ డ్యూయీ అతన్ని వ్యభిచార వ్యాపారం కేసులో ఇరికించి, ముప్పై నుంచి యాభై ఏళ్ళ శిక్ష వేయించాడు. ఆ ముక్క గురించి తెర మీద ఒక అక్షరం కూడా వేయలేదు.