ఓటీపీ పాఠములో లేని సగము

మోత్కూరు బడిలోనైనా, పట్నపు బడిలోనైనా సైబర్ భద్రతా పాఠము సాధారణముగా ఒక్క మాటతో ముగియుచున్నది: ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. మంచి మాటే గాని, సగము మాట.

2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ సహకార బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా అపహరింపబడినది. ఇందుకు ఖాతాదారుల ఓటీపీలతో పనిలేకపోయినది. అంతకు రెండు నెలల ముందే ఉద్యోగులకు దొంగ ఈమెయిళ్లు వచ్చినవి. వాటిని తెరువగానే లోపల దాగిన ప్రోగ్రాము ఆ కంప్యూటరును దూరమునుండి నడుపు వీలు దొంగలకు కల్పించినది. అక్కడినుండి వారు బ్యాంకు లెక్కలుండే చోటికే చేరగలిగిరి. సింహద్వారము దాటిన దొంగకు లోపలి గదులకు తలుపులే లేనట్లయినది! సొమ్ము పెక్కు ఖాతాలలోనికి చెదరిపోయినది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై 65 లక్షల జరిమానా విధించినది.

కాబట్టి నష్టమునకెల్ల ప్రజల అమాయకత్వమే మూలమనుట అన్యాయము. ఎవరికి ఎంత అధికారముండవలెను, పెద్ద మొత్తము కదలునపుడు రెండవవారు ఎవరు చూడవలెను అన్నవి సంస్థలు తేల్చవలసిన విషయములు.

1930 నంబరు సంగతియు ఇంతే. దానిని వల్లె వేయించిన చాలదు. వెంటనే ఎందుకు పిలువవలెనో విద్యార్థికి తెలియవలెను. సొమ్ము ఖాతాలలో తిరుగుచున్నంతసేపు దానిని నిలుపవచ్చును. నగదుగా తీసిన పిమ్మట పట్టుకొనుట దుర్లభము.