శివారు దాకా శోధగంగ

దివిసీమకు సాగునీరు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నది పాయను దాటి వస్తుంది. ప్రకాశం బ్యారేజీ నిండినంత మాత్రాన కోడూరు చేను తడవదు. దారిలో ప్రతి లాకూ, ప్రతి తూమూ తన పని తాను చేయాలి. శివారు రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కోడూరులో కూర్చుని ఫోన్లో ఒక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం తెరిచినప్పుడు, దాని వెనక ఉన్న లాకులూ తూములూ చూడాలనిపించింది.

ఒకప్పుడు సిద్ధాంత గ్రంథమంటే బంగారు అక్షరాల అట్ట వేసిన లావుపాటి పుస్తకం. ఒక ప్రతి గ్రంథాలయం బీరువాలో, ఒకటి గైడు గారింట్లో. అంతే. 2009లో యూజీసీ నిబంధనలు మారి, ప్రతి గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతినీ విశ్వవిద్యాలయం అప్పగించాలని వచ్చింది. వాటిని అందరూ ఉచితంగా చదువుకునేలా నిలవ చేసే పని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం చేస్తోంది. ఆ నిలవ పేరు శోధగంగ. ఇంకా సాగుతున్న పరిశోధనల ప్రతిపాదనలకు వేరే చోటుంది, దాని పేరు శోధగంగోత్రి. పేరు పెట్టినవారికి పని తెలుసు.

లోపల నడిచే సాఫ్ట్‌వేర్ డీస్పేస్. అమెరికాలో ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి 2002లో తెచ్చినది. అమరిక చాలా తేట. విశ్వవిద్యాలయం ఒక పెద్ద గది, శాఖ అందులో అర, గ్రంథం ఆ అరలో ఒక కట్ట, కట్టలో విడివిడి ఫైళ్లు. శోధగంగలో గ్రంథాన్ని ఒకే ముద్దగా పెట్టరు. ముఖపత్రం 01, ఆ తర్వాత ధ్రువపత్రం, విషయసూచిక, అధ్యాయాలు వరుస అంకెలతో వేర్వేరు ఫైళ్లుగా ఉంటాయి. చివర్లో 80 అంకెతో ఒక ఫైలు కనిపిస్తుంది. ముఖపత్రాన్నీ ముగింపునూ కలిపి కుట్టినది. తేలింది ఏమిటో ముందు చూసుకుని, కావాలంటేనే మూడో అధ్యాయం దించుకోవచ్చు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

అసలు నేర్పంతా కట్టకు కట్టిన చీటీలో ఉంది. శీర్షిక, పరిశోధకుడు, గైడు, కీలక పదాలు, విశ్వవిద్యాలయం, పూర్తయిన తేదీ, సారాంశం, పేజీలు. దీన్నే మెటాడేటా అంటారు. చూడ్డానికి గుమాస్తా పని. కానీ తెలుగు పేరు దగ్గరే చేయి తిరిగినవాళ్లెవరో తెలిసిపోతుంది. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక పొడి అక్షరంగా. పడమటి పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరనుకుని ‘రావు’ను ముందుకు లాగితే, ఇంటిపేరు కాని రావు ఇంటిపేరైపోతాడు. ఒకచోట పొడి అక్షరాలు, మరోచోట పూర్తి పేరు రాస్తే ఒకే మనిషి సూచికలో ఇద్దరవుతాడు. అందుకే పరిశోధకుడికి ఆర్కిడ్ అనే పదహారు స్థానాల గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి వచ్చింది. పేరు ఎలా రాసినా మనిషి ఒక్కడే.

కట్టకు చిరునామా కూడా ఉంటుంది. వెబ్ చిరునామాలు సర్వర్ మారగానే చచ్చిపోతాయి. ఇక్కడ ప్రతి గ్రంథానికీ హ్యాండిల్ అనే శాశ్వత సంఖ్య ఇస్తారు. శోధగంగ సంఖ్యలన్నీ 10603తో మొదలవుతాయి. ఆ సంఖ్య నేరుగా ఫైలును చూపదు, ఒక పట్టికను అడుగుతుంది. గ్రంథం ఇప్పుడు ఎక్కడుందో పట్టిక చెబుతుంది. ఇల్లు మారితే పట్టికలో ఒక్క గడి దిద్దితే చాలు, గ్రంథాన్ని ఉదహరించిన వ్యాసాల్లో ఏదీ మార్చనక్కర్లేదు. ఇక డీస్పేస్ ప్రతి ఫైలుకూ 32 అక్షరాల ఒక గుర్తు లెక్కగట్టి దాచుకుంటుంది. లోపల ఒక్క కామా చెదిరినా మళ్లీ లెక్కిస్తే గుర్తు మారిపోతుంది. చెద పట్టిందీ లేనిదీ పుస్తకం తెరవకుండానే చెప్పినట్టు.

గ్రంథం నిలవలో చేరితే చాలదు, ఉందని పదిమందికీ తెలియాలి. ప్రచారమంటే గోడపత్రికలూ సదస్సులూ అనుకుంటాం. అవీ ఉంటాయి. కానీ ఇలాంటి నిలవలకు పెద్ద ప్రచారకర్త ఓఏఐ-పీఎంహెచ్ అనే ఒప్పంద భాష. అందులో ఉన్నవి ఆరే ఆరు ప్రశ్నలు: నువ్వెవరు, నీ చీటీలు ఏ రూపాల్లో ఉన్నాయి, నీ విభాగాలేమిటి, నీ గ్రంథాల సంఖ్యలేవి, నీ చీటీలన్నీ ఇవ్వు, ఈ ఒక్కటీ ఇవ్వు. ప్రపంచంలో ఏ యంత్రమైనా ఈ ఆరూ అడిగి చీటీలు కోసుకుపోవచ్చు. చీటీ బాగుంటేనే పంట.

తూము పూడుకుపోయేది తెలుగు గ్రంథాల దగ్గర. పీడీఎఫ్ లోపలి మాటలను ఒక ప్రోగ్రాం బయటికి తీసి వెతుకుడు సూచికలో పెడుతుంది. ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో కూర్చిన పుస్తకంలో కంటికి కనిపించేది తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. ఒక తెలుగు శాఖ గ్రంథంలోంచి నేనొక పేరా కాపీ చేస్తే పిచ్చి గీతలు పడ్డాయి. ‘ఉప్పునేల’ అని వెతికితే అలాంటి పుస్తకం ఎప్పటికీ దొరకదు. ఎదుటే ఉంటుంది, పలకదు. యూనికోడ్‌లో టైపు చేసిన గ్రంథం పలుకుతుంది.

కృష్ణా జిల్లా పరిశోధకులకు 1976 నుంచి నాగార్జున విశ్వవిద్యాలయం, 2008 నుంచి మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం ఉన్నాయి. మీరు పీహెచ్‌డీ చేసినవారైతే మీ పేరుతో ఒకసారి శోధగంగలో వెతకండి. కనబడకపోయినా, పేరు తప్పు పడినా, మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో శోధగంగ పని చూసేవారిని కలవండి. ఇప్పుడు రాస్తున్నవారైతే యూనికోడ్‌లో రాయండి.