తెరపై క్రీడాకారులు: గాయమూ, సాధనా

అండమాన్ నికోబార్ దీవుల క్రీడాకారులను గురించి ప్రధాన భూభాగపు పత్రికలలో వెలువడే వ్యాసాలు చాలావరకు ఒకే ఘట్టంతో ప్రారంభమవుతాయి. 2004 డిసెంబరు 26న సముద్రం ఊళ్ల మీదికి వచ్చినప్పుడు తొమ్మిదేళ్ల బాలిక ఒక చెట్టును ఆశ్రయించి ఐదు రోజులు ప్రాణాలు నిలుపుకున్నది. ఆ బాలిక డెబొరా హెరాల్డ్. అనంతర కాలంలో ఆమె ట్రాక్ సైక్లింగులో దేశంలోని అగ్రశ్రేణికి చేరారు. 2015 చివరికి 500 మీటర్ల టైమ్ ట్రయల్ అంతర్జాతీయ ర్యాంకింగులలో నాలుగవ స్థానంలో నిలిచారు. పత్రికలలో మొదటి విషయానికి మూడు పేరాలు లభిస్తాయి, రెండవదానికి మూడు పంక్తులు.

ఆ పోటీ ఎటువంటిదో తెలిసినవారు తక్కువ గనుక నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. సైకిలుకు ఒకే గేరు, బ్రేకులు ఉండవు. నిలిచిన చోటినుంచి బయలుదేరి, 250 మీటర్ల వాలు ట్రాక్‌పై రెండు చుట్లు తిరగాలి. ఈ స్థాయి క్రీడాకారిణికి పట్టే కాలం సుమారు 35 సెకన్లు. మొదటి అర చుట్టులో ఎంత బలం వెచ్చించాలి, రెండవ చుట్టుకు ఎంత మిగుల్చుకోవాలి అన్నదే ఇందులోని విద్య. దానిని పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. చెట్టు మీది ఐదు రోజులు విధి తెచ్చిపెట్టినవి. ఈ 35 సెకన్లు ఆమె సంపాదించుకున్నవి. ఆమె జీవితాన్ని ఎవరైనా చలనచిత్రంగా తీస్తే తొలి దృశ్యం ఏదై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అటువంటి నమూనాలు మనకు ఇదివరకే ఉన్నాయి.

2013లో వచ్చిన 'భాగ్ మిల్ఖా భాగ్' చిత్రం 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగుతో ప్రారంభమవుతుంది. ముందంజలో ఉన్న మిల్ఖా సింగ్ వెనుదిరిగి చూస్తాడు. దేశవిభజన నాడు కన్నవారిని పోగొట్టుకున్న బాల్యం ఆయనను వెంటాడిందని, అందుకే పతకం చేజారిందని చిత్రం సూచిస్తుంది. దృశ్యపరంగా అది బలమైన ఊహ, సందేహం లేదు. కాని మిల్ఖా సింగ్ స్వయంగా పలుమార్లు చెప్పినది వేరు. ఆరంభంలో మరీ వేగంగా పరుగెత్తుతున్నానేమోనని భయపడి, సగం దాటాక వేగం తగ్గించానని, ఆ పొరపాటును తరువాత దిద్దుకోలేకపోయానని ఆయన చెప్పుకున్నారు. అంటే అది ఒక పనివాడు తన పనిలో వేసుకున్న లెక్క తప్పడం. ఆ పరుగులో మొదటి నలుగురూ అంతకు ముందున్న ఒలింపిక్ రికార్డును అధిగమించారన్న సంగతిని దీనితో కలిపి చూస్తే, 45.6 సెకన్లలో నాలుగవ స్థానం ఎంతటి ఘనకార్యమో తెలుస్తుంది. చిత్రం చూసి బయటికి వచ్చే ప్రేక్షకుడికి మిగిలేది గాయం ఒక్కటే. పరుగును గురించి అతడు కొత్తగా తెలుసుకున్నది ఏమీ లేదు.

ఈ చిత్రాలకు మరొక అలవాటు ఉన్నది. నాయకుడికి ఎదురుగా ఒక దుష్టుడు కావాలి, అతడు సాధారణంగా అధికారి అయి ఉంటాడు. 'మేరీ కోమ్' (2014)లో సమాఖ్య అధికారి, 'దంగల్' (2016)లో తండ్రిని గదిలో బంధింపజేసే శిక్షకుడు ఇందుకు నిదర్శనాలు. ఆ గది కల్పితం. 2010 దిల్లీ కామన్వెల్త్ క్రీడల తుదిపోరులో గీతా ఫోగాట్ విజయం కూడా తెరపై చూపినంత ఉత్కంఠభరితమైనది కాదు, ఆమె స్పష్టమైన ఆధిక్యంతోనే నెగ్గారు. నేను ప్రభుత్వోద్యోగిని గనుక నా వర్గం పక్షాన ఫిర్యాదు చేస్తున్నానని పాఠకులు అనుకోవచ్చు. అనుకోనిండు. నా అభ్యంతరం వేరు. క్రీడాకారులకు ఎదురయ్యే నిజమైన ఆటంకానికి ముఖం ఉండదు. చెన్నై నుంచి ఓడలో మూడు రోజులు ప్రయాణించి రావలసిన ఒక చక్రం, వాతావరణం బాగులేక ఆగిపోయిన పడవ, ఒక బల్ల మీదినుంచి మరొక బల్ల మీదికి కదలని కాగితం: వీటిని దృశ్యంగా మలచడం కష్టం. మీసాలు మెలివేసే మనిషిని చూపడం తేలిక.

ఈ కోవలో మనవారికి అత్యంత సన్నిహితమైన చిత్రం 2024లో విడుదలైన 'మైదాన్'. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం దాని వస్తువు. అమిత్ శర్మ దర్శకత్వంలో అజయ్ దేవగణ్ ఆ పాత్ర ధరించారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో ఎదురైన పరాభవం నుంచి 1962 జకార్తా ఏషియాడ్ స్వర్ణం వరకు కథ నడుస్తుంది. ఇందులోనూ కుట్ర పన్నే పాత్రికేయుడు, సమాఖ్య అధికారి ఉన్నారు. వారిని అలా ఉంచితే, చివరి భాగంలో ఈ చిత్రం సాధించినది మన క్రీడాచిత్రాలలో అరుదు. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో ఓటమి, గాయపడి తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను సెమీఫైనల్లో ముందువరుసకు పంపాలన్న నిర్ణయం, లక్షమంది ప్రతికూల ప్రేక్షకుల నడుమ అదే దక్షిణ కొరియాపై 2-1 విజయం, అందులో ఒక గోలు ఆ జర్నైల్ సింగ్‌దే కావడం. ఇవన్నీ యథార్థాలు. బంతి ఎవరి కాలినుంచి ఎవరి కాలికి, ఎందుకు పోతున్నదో ప్రేక్షకుడు గ్రహించగలిగేలా చిత్రీకరించారు. ఆలోచనే ఇక్కడ నాటకం అయింది.

అయినా హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి ఒక వెలితి తప్పదు. రహీమ్ వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకున్నది. 1951 దిల్లీ ఏషియాడ్‌లో స్వర్ణం సాధించిన జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు. ఓటమితో కథ మొదలుపెట్టాలన్న పట్టుదల వల్ల ఈ పూర్వరంగం వెనుకబడింది. ఫలితంగా రహీమ్ ఆకాశం నుంచి ఊడిపడిన మేధావిలా కనిపిస్తారు. పోలీసు మైదానాలు, బడిపిల్లల పోటీలు, సికిందరాబాదు వీధుల్లో ఆడి పెరిగిన తులసీదాస్ బలరాం వంటి బాలురు కలిసి ఆయనను తయారుచేశాయన్న సంగతి తెర మీదికి తగినంతగా రాలేదు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో ఆయన మరణించాక ఆ ఊరి ఫుట్‌బాల్‌కు ఏమైందన్న ప్రశ్న మరొక చిత్రానికి చాలినంత వస్తువు.

'సైనా' (2021) గురించి ఒక్క మాట చాలు. అందులో శిక్షకుడి పేరు రాజన్. హైదరాబాదు బ్యాడ్మింటన్‌ను ఎరిగినవారు ఆ పాత్ర వెనుక పుల్లెల గోపీచంద్‌ను వెతుక్కుంటారు. యాభై ఏళ్ల తరువాత చూసేవారికి ఆ అవకాశం కూడా ఉండదు.

తెలుగు చిత్రసీమ ఈ దారిలో ముందే నడిచింది. సుధాచంద్రన్ తన జీవితం ఆధారంగా వచ్చిన 'మయూరి'లో తానే నటించారు. ఆ చిత్రాన్ని నిర్మించిన ఉషాకిరణ్ మూవీస్ సంస్థే 1991లో మౌళి దర్శకత్వంలో 'అశ్వని' తీసింది. కొడగు క్రీడాకారిణి అశ్వనీ నాచప్ప ప్రధాన పాత్ర ధరించారు. చుట్టూ అల్లిన కథ మన సినిమాకు అలవాటైనదే. అయితే ఆమె పరుగు ప్రారంభించే క్షణంలో నేలకు ఆన్చిన వేళ్లు, లేచిన నడుము, మొదటి పది అడుగుల వరకు ఎత్తని తల ఏ నటికీ ఒక నెల శిక్షణతో అబ్బేవి కావు. సంభాషణలలో తడబాటు ఉన్నా, దేహం అబద్ధం చెప్పదు. ఈ విషయంలో ఆ పాత చిత్రానికి నేటి భారీ చిత్రాలకన్న ఎక్కువ విలువ ఇస్తాను.

పుస్తకాలు ఈ పని మరింత నిజాయితీగా చేశాయనిపిస్తుంది. అభినవ్ బింద్రా, రోహిత్ బ్రిజ్‌నాథ్ కలిసి రాసిన 'ఎ షాట్ ఎట్ హిస్టరీ' (2011)లో 2008 బీజింగ్ స్వర్ణపతకం కన్న దాని తరువాత ఆవరించిన శూన్యం ఎక్కువగా గుర్తుండిపోతుంది. సినిమా ఆగిపోయే చోట ఆ పుస్తకం ముందుకు సాగుతుంది.

ఇప్పుడు మన శ్రీకాకుళం వైపు చూద్దాం. ఈ దీవులలోని తెలుగువారిలో, జంగ్లీఘాట్ మత్స్యకార కుటుంబాలు సహా, అనేకుల మూలాలు ఉత్తరాంధ్ర తీరంలోనే ఉన్నాయి. ఆ జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరిపై చిత్రం తీస్తామన్న ప్రకటన 2020లో వెలువడింది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. స్వర్ణ, రజత విజేతలిద్దరి మొత్తం 242.5. చివరి యత్నంలో ఆమె కోరిన బరువు 137.5. అది లేవలేదు. 130 మీద ఏడున్నర కిలోలు ఒక్కసారిగా పెంచడం సాహసమా, లెక్కలో జరిగిన పొరపాటా? బరువు ప్రకటించే ఆ కొద్ది నిమిషాలలో ఆమె మనసులోనూ, ఆమె బృందంలోనూ ఏమి నడిచింది? ఈ కూడికలను ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చూపగలిగితే ఆ చిత్రానికి వేరే దుష్టుడు అక్కరలేదు. పేదింటి బాల్యంతోనే రెండు గంటలూ గడిపివేస్తే మాత్రం మల్లీశ్వరి ఎవరో మనకు తెలియకుండానే పోతుంది.

నికోబార్‌కు తిరిగి వస్తే చిక్కులు మరికొన్ని. 2018లో స్విట్జర్లాండులోని ఏగిల్ పట్టణంలో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ పోటీలలో ఎసో ఆల్బెన్ కీరిన్ విభాగంలో రజతం గెలిచాడు. మరుసటి సంవత్సరం టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం సాధించిన భారత బృందంలోనూ ఉన్నాడు. 2022 కామన్వెల్త్ క్రీడలకు అతనితో కలిసి వెళ్లిన మరొక నికోబారీ యువకుడి పేరు డేవిడ్ బెక్‌హామ్. ఇక పత్రికలకు ఆ పేరు చాలింది, అతని కాళ్ల బలం సంగతి ఎవరికి కావాలి? కార్ నికోబార్ సమాజం తుహెట్ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థపై నిలిచినది. హోడి పడవ పందెంలో గెలుపు తెడ్డు వేసిన అందరిదీ. ఒంటరి వీరుడి కథగా అల్లితే ఆ జీవితం సరిగా ఇమడదు. పైగా 'మేరీ కోమ్'లో మణిపురి క్రీడాకారిణి పాత్రను ప్రియాంకా చోప్రా ధరించినప్పుడు వచ్చిన విమర్శ ఇక్కడా తలెత్తుతుంది. ఆ ముఖం ఎవరిది? ఆ మాట ఏ భాషలో?

సునామీని కథలోంచి తొలగించాలని నేను అనను. ఈ దీవులలో దానిని తొలగించి ఎవరి కథా చెప్పలేము. నా ఆందోళన ఆధారాల గురించి, అది చరిత్ర చదివినవారికి సహజం. సినిమా రచయిత చేరేది పత్రికల కత్తిరింపుల దగ్గరికే, అక్కడ అతనికి దొరికేది చెట్టు. 35 సెకన్ల ఆధారాలు వేరేచోట ఉన్నాయి: శిక్షకులు చేతితో రాసుకున్న సమయాల పుస్తకాలలో, పోటీల ఫలిత పత్రాలలో, నికోబారీ భాషలో మాత్రమే చెప్పగల పెద్దల జ్ఞాపకాలలో. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, నేతాజీ స్టేడియంలో కలిసిన ఒక శిక్షకుడు అటువంటి నోటుపుస్తకం ఒకటి నాకు చూపారు. అట్ట ఊడిపోయింది, మొదటి పుటలలో సిరా పాకి అంకెలు కలిసిపోయాయి. ఇక్కడి తేమలో కాగితం ఎక్కువ కాలం నిలవదు.